బ్యాటరీ పూర్తిగా డౌన్. గేర్ లివర్ ‘పి’ (పార్క్)లోంచి కదలట్లేదు, న్యూట్రల్‌లోకి తెచ్చేదెలా?

సెల్లార్_బాధితుడు · శనివారం, ఉదయం 7:52

అందరికీ నమస్కారం. మూడు వారాలు ఊళ్లో లేను. నిన్న రాత్రి వచ్చి చూస్తే కారు మూగబోయి ఉంది. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తాళంచెవితో డోర్ తీశాను. లోపల లైటు లేదు, హారన్ లేదు, మీటర్ బోర్డు మీద మినుకుమనే దీపం కూడా లేదు.

పక్క ఫ్లాట్ ఆయన సాయం చేస్తానన్నాడు, ఆయన దగ్గర జంపర్ కేబుల్స్ (ఒక కారు బ్యాటరీ నుంచి ఇంకో కారుకి కరెంటు ఇచ్చే తీగలు) కూడా ఉన్నాయి. చిక్కల్లా నా కారు ముక్కు గోడకేసి ఉంది. ఒక పక్క స్తంభం, ఇంకో పక్క లిఫ్టు గోడ. ఆయన కారు ఎక్కడ పెట్టినా కేబుల్ నా బానెట్ దాకా అందదు. రెండు మీటర్లు వెనక్కి తోసుకుంటే పని అయిపోతుంది. కానీ ఆటోమేటిక్ కదా, లివర్ ‘పి’లో ఉంది. బ్రేక్ తొక్కి, లివర్ మీద బటన్ నొక్కి లాగినా రాయిలా ఉంది. సెల్లార్ ఎత్తు తక్కువ, టోయింగ్ బండి లోపలికి రాదు. ఏం చేయాలి?

కొత్త_లైసెన్స్ · ఉదయం 8:01

క్లచ్ తొక్కి గేర్ తీసేయండి అన్నా. దానికి బ్యాటరీతో పనేముంది?

నిశాచరుడు · ఉదయం 8:04

తమ్ముడూ, ఆటోమేటిక్ అని రాశారు. క్లచ్ పెడల్ ఎక్కణ్నుంచి తేవాలి ఆయన?

కొత్త_లైసెన్స్ · ఉదయం 8:05

సారీ అన్నా, సగం చదివి రాసేశా. 🙏

పాత_మెకానిక్ · ఉదయం 8:20

నాలుగు విషయాలు చెప్పండి, అప్పుడు మాట్లాడదాం. లివర్ నిజంగా కడ్డీలా ముందుకూ వెనక్కీ కదిలే రకమా, లేక తిప్పే గుండీయా, వేలితో నెట్టే చిన్న పిడియా? హ్యాండ్ బ్రేక్ చేత్తో లాగేదా, బటనా? తాళంచెవి పెట్టి తిప్పేదా, స్టార్ట్ బటనా? కారు నిలబడ్డ నేల సమంగా ఉందా, వాలు ఉందా?

ఆఖరిది అనవసరం అనుకోకండి. చాలామందికి చివర్లో అడ్డం పడేది అదే.

సెల్లార్_బాధితుడు · ఉదయం 8:31

మామూలు లివరే, కింద తోలు తొడుగు ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ చేత్తో లాగేదే, లాగే ఉంది. తాళంచెవి పెట్టి తిప్పేదే. నేల చూడ్డానికి సమంగానే ఉంది కానీ నీళ్లు పోవడానికి గోడవైపు కొంచెం వాలు పెట్టారు.

పాత_మెకానిక్ · ఉదయం 8:55

అయితే మీరు అదృష్టవంతులే. మీ గేర్‌బాక్స్‌కీ లివర్‌కీ మధ్య ఉన్నది ఉక్కు కేబుల్. న్యూట్రల్‌లోకి పోవడానికి దానికి కరెంటు అక్కర్లేదు. కరెంటు కావలసింది లివర్‌ని పట్టుకుని ఉన్న తాళానికి.

లివర్ పెట్టెలో ఒక చిన్న సోలినాయిడ్ ఉంటుంది, అంటే కరెంటు వస్తే కదిలే చిన్న ఇనుప పుల్ల అనుకోండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, మీరు బ్రేక్ తొక్కితే, బ్రేక్ లైటు స్విచ్ నుంచి కబురు అంది ఆ పుల్ల పక్కకి తప్పుకుంటుంది. ‘టిక్’ అని వినిపిస్తుంది చూడండి, అదే. బ్యాటరీలో ప్రాణం లేకపోతే అది తప్పుకోదు. మీరు బ్రేక్ ఎంత తొక్కినా దానికి తెలియదు.

ఇలాంటి రోజు వస్తుందని తయారు చేసినవాళ్లకీ తెలుసు. అందుకే లివర్ పక్కన ఎక్కడో చిన్న మూత పెట్టి ఉంటారు. కొన్నిటి మీద ‘షిఫ్ట్ లాక్’ అని రాసి ఉంటుంది. చాలా టొయోటా, హోండా కార్లలో లివర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పలక మీదే గోరంత మూత కనిపిస్తుంది. మరికొన్నిటిలో కప్పు పెట్టుకునే గుంట అడుగున రబ్బరు కింద దాక్కుంటుంది, కొన్నిటిలో ఆ తోలు తొడుగు పైకి లేపితే లోపల రంగు పిడిలా ఉంటుంది. మీ కారు పుస్తకంలో ‘లివర్ పి నుంచి కదలకపోతే’ అనే చోట చూడండి. పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోనే ఉంటుంది, ఎవరూ తెరవరు గాని.

చేసే వరుస ఇది. హ్యాండ్ బ్రేక్ లాగే ఉంచండి. కిందికి వాలు ఎటుంటే అటు, చక్రాల ముందు చెక్క దిమ్మలు పెట్టండి. మీకు గోడవైపు. తాళంచెవి తిప్పి ఆన్ దాకా తెండి. దీపాలు వెలగవు, ఫర్వాలేదు. అలా తిప్పితేనే స్టీరింగ్ తాళం వదులుతుంది, కొన్నిటిలో లివర్ కూడా అప్పుడే వస్తుంది. మూత తీసి, ఆ రంధ్రంలో సన్న స్క్రూ డ్రైవర్‌తో కిందికి నొక్కి పట్టుకుని, బ్రేక్ మీద కాలుంచి, లివర్ బటన్ నొక్కి ‘ఎన్’కి, అంటే న్యూట్రల్‌కి లాగండి. హ్యాండ్ బ్రేక్ ఆఖర్న దించాలి, ముందు కాదు.

బండి_వీరుడు · ఉదయం 9:10

ఇంత గొడవెందుకు సార్. రెండు చేతులతో ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. మా పాత కారుకి నేను అలాగే చేశా.

పాత_మెకానిక్ · ఉదయం 9:14

వచ్చేస్తుంది. లివర్‌తో పాటు దాన్ని ఆపే ప్లాస్టిక్ ముక్కా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆ కారు బ్రేక్ తొక్కకుండానే ‘పి’లోంచి డ్రైవ్‌లోకి పోతుంది. ఇంట్లో పిల్లలుంటే దానర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అలా గుంజి తెచ్చిన లివర్ పెట్టెలు నేను చాలానే మార్చాను.

బండి_వీరుడు · ఉదయం 9:16

మాది ఇప్పుడు అలాగే పోతోంది. అది గేర్‌బాక్స్ అరుగుదల అనుకున్నా 😐

చరిత్ర_పిచ్చి · ఉదయం 9:40

ఆ తాళం పుట్టుక గురించి ఒక మాట, విసుగనిపిస్తే దాటేయండి. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని పెద్ద గోల అయింది. ఆ గోలలోనే ఆడి కార్లను వెనక్కి పిలిచి, బ్రేక్ తొక్కితే తప్ప ‘పి’లోంచి రాని తాళం బిగించింది. 1989లో అక్కడి రోడ్డు భద్రత సంస్థ ఇచ్చిన నివేదికలో తేలింది ఏమిటంటే, ఎక్కువ సందర్భాల్లో డ్రైవర్ బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని. తర్వాత మిగతా కంపెనీలూ ఆ తాళం పెడుతూ వచ్చాయి. 2010 సెప్టెంబర్ నుంచి తయారయ్యే కార్లకు అక్కడ అది తప్పనిసరి. ఇవాళ సెల్లార్‌లో మన మిత్రుణ్ని ఏడిపిస్తున్నది ఆ తాళమే.

సెల్లార్_బాధితుడు · ఉదయం 10:22

మూత దొరికింది! లివర్‌కి ఎడమ పక్క, దుమ్ములో కలిసిపోయి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. తీసేటప్పుడు స్క్రూ డ్రైవర్ జారి పలక మీద గీత పడింది. మూత ఎగిరి ఎక్కడో పడింది.

కానీ లివర్ ఇంకా రావట్లేదు. రంధ్రంలో నొక్కితే మెత్తగా కిందికి దిగుతోంది, లివర్ బటన్ కూడా దిగుతోంది. లివర్ మాత్రం రవ్వంత కదిలి బిగుసుకుంటోంది. తాళంచెవి ఆన్‌లోనే ఉంది.

పాత_మెకానిక్ · ఉదయం 10:30

బటన్ దిగింది అంటే తాళం వదిలినట్టే. ఇప్పుడు పట్టుకున్నది కరెంటు కాదు, కారు బరువు.

‘పి’ అంటే ఏమిటి? గేర్‌బాక్స్ లోపల బయటికి వచ్చే షాఫ్ట్ మీద ఒక పళ్ల చక్రం ఉంటుంది. ఆ పళ్ల మధ్యలోకి ఒక ఉక్కు కొక్కెం దిగి కూర్చుంటుంది. అంతే, అదొక్కటే కారుని ఆపేది. మీరు ఆ రోజు కారు ఆపి, ముందు లివర్ ‘పి’కి తోసి, బ్రేక్ మీద కాలు తీసి, ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్ లాగి ఉంటారు. కాలు తీసిన క్షణంలో కారు వాలుకి రెండంగుళాలు జారి కొక్కెం మీద వాలిపోయింది. అప్పట్నుంచీ ఆ బరువంతా దాని మీదే. పళ్ల మధ్య నలిగి ఉన్న కొక్కేన్ని లాగాలంటే వస్తుందా?

బరువు తీయాలి. ఇద్దరు మనుషుల్ని ముందు బంపర్ దగ్గర నిలబెట్టి... మీ కారు ముక్కు గోడకుంది కదా, మనిషి దూరడానికి చోటుందా?

సెల్లార్_బాధితుడు · ఉదయం 10:33

ఒక అడుగు సందు. మనిషి దూరడు. మీరు చెప్పిన వరుసే, ముందు ‘పి’, తర్వాత హ్యాండ్ బ్రేక్. ఎప్పుడూ అలాగే చేస్తాను.

పాత_మెకానిక్ · ఉదయం 10:41

దూరినా నిలబెట్టొద్దు, మంచిదే అయింది. కారుకీ గోడకీ మధ్య మనిషి ఉండకూడదు.

అయితే రెండు ముందు డోర్లూ తెరిచి, డోర్ చట్రం పట్టుకుని ఇద్దరు వెనక్కి తోయాలి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంటే వెనక చక్రాలు పట్టుకుంటాయి కాబట్టి, లోపల బ్రేక్ మీద ఒకరిని కూర్చోబెట్టి హ్యాండ్ బ్రేక్ దించండి. దిమ్మలు గోడవైపు గట్టిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. బయటివాళ్లు ‘ఊ’ అని తోసినప్పుడు లోపలివాళ్లు బ్రేక్ కొద్దిగా వదిలి లివర్ లాగాలి. ఒకట్రెండు అంగుళాలు కదిలితే చాలు, వెన్నలా వస్తుంది. రాగానే మళ్లీ బ్రేక్.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. బ్రేక్ పని చేయక కాదు, ఇంజిన్ ఇచ్చే వాక్యూమ్ సాయం లేక. మామూలుగా తొక్కే దానికి మూడింతలు బలంగా తొక్కాలి. లోపల బలంగా తొక్కగలిగిన వాళ్లని కూర్చోబెట్టండి. స్టీరింగ్ కూడా బరువుగానే ఉంటుంది.

కరెంటు_మామ · ఉదయం 11:02

పాత మెకానిక్ గారు చెప్పింది అక్షరాలా నిజం. అయినా నాదొక సందేహం. కారు కదపడం ఎందుకసలు? అడుగు సందులో చెయ్యి పడుతుంది. లోపల పిడి లాగితే బానెట్ తెరుచుకుంటుంది, అది తీగతో పని చేసేది. అరచేతిలో పట్టే జంప్ ప్యాక్, అంటే కారు స్టార్ట్ చేయడానికి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ, ఒకటి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి బ్యాటరీకి తగిలిస్తే, న్యూట్రల్ కోసం ఇంత యుద్ధం ఉండదు కదా.

లివర్ తాళానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. ఇంజిన్ తిప్పడానికి వందల ఆంపియర్లు కావాలి, తాళం వదలడానికి చిన్న బల్బు వెలిగేంత చాలు. కంప్యూటర్ యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల చిన్న బ్యాటరీ, ఏడు ఆంపియర్ అవర్లది, దానితో కూడా ఇగ్నిషన్ ఆన్ చేసి లివర్ తీసిన సందర్భాలున్నాయి. ఒక్క జాగ్రత్త. కారు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు ఊడదీయాలి. లేకపోతే చచ్చిన బ్యాటరీ ఆ చిన్నదాని రక్తమంతా పీల్చేస్తుంది. ఊడదీసిన క్లాంపుకి చిన్న బ్యాటరీ నెగటివ్, కారు పాజిటివ్‌కి దాని పాజిటివ్. మధ్యలో ఒక ఫ్యూజ్ ఉంటే నిశ్చింత. ఆ చిన్న బ్యాటరీ మీద పొరపాటున కూడా స్టార్ట్ కొట్టకూడదు, తీగలు కాలిపోతాయి.

నిశాచరుడు · ఉదయం 11:09

మామా, సిగరెట్ లైటర్ సాకెట్‌లోంచి కరెంటు ఎక్కించొచ్చు కదా? ప్లగ్గు పెట్టడమే, బానెట్ కూడా తెరవక్కర్లేదు.

కరెంటు_మామ · ఉదయం 11:15

చాలా కార్లలో ఆ సాకెట్ ఇగ్నిషన్ ఆన్ అయ్యాక రిలే (కరెంటు వస్తే పని చేసే స్విచ్) మూసుకుంటేనే బ్యాటరీతో కలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే రిలే మూసుకోదు, మీరు ఎక్కించేది సాకెట్ దగ్గరే ఆగిపోతుంది. ఎప్పుడూ కలిసి ఉండే సాకెట్ అయితే పని చేయొచ్చు గానీ దాని ఫ్యూజ్ 10, 15 ఆంపియర్లదే. నేను బానెట్ వైపే మొగ్గుతాను.

సెల్లార్_బాధితుడు · మధ్యాహ్నం 12:48

వచ్చేసింది!!! 🎉

పక్క ఫ్లాట్ ఆయన, వాళ్లబ్బాయి రెండు డోర్ల దగ్గర. నేను లోపల. రెండో తోపుకే లివర్ ‘ఎన్’లో పడింది. అయితే టెన్షన్ గురించి చెప్పాలి. లివర్ రాగానే వాళ్లిద్దరూ పట్టు వదిలారు. కారు మెల్లగా గోడవైపు జారడం మొదలెట్టింది. నేను రోజూ తొక్కినట్టు బ్రేక్ తొక్కా, కాలి కింద ఇటుక పెట్టినట్టుంది, కారు ఆగలేదు. దిమ్మ తగిలి ఆగింది. దిమ్మ లేకపోతే బంపర్ పోయేది. మీరు మూడింతలు అని రాసింది అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత రెండు కాళ్లతో తొక్కి పట్టుకుని, తోయించుకుంటూ వెనక్కి తెచ్చుకున్నాం. స్టీరింగ్ తాళంచెవి తిప్పగానే వదిలింది, కొంచెం అటూ ఇటూ ఊపాల్సి వచ్చింది. ఇప్పుడు కేబుల్ అందుతోంది. ఎర్రది ఎర్రదానికి అని తెలుసు, నల్లది మాత్రం గందరగోళం. వాళ్లబ్బాయి ఒకటి చెబుతాడు, వీడియోలో ఇంకొకటి.

కరెంటు_మామ · మధ్యాహ్నం 12:55

ముందు హ్యాండ్ బ్రేక్ లాగి, ఆ తర్వాత లివర్ మళ్లీ ‘పి’కి తోయండి. లోపలికి తోయడానికి ఏ రంధ్రం నొక్కక్కర్లేదు.

ఎర్ర కేబుల్ ఒక కొస మీ బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస ఆయన పాజిటివ్‌కి. నల్లది ఒక కొస ఆయన నెగటివ్‌కి. ఆఖరి కొస మీ బ్యాటరీ నెగటివ్‌కి కాకుండా, బ్యాటరీకి దూరంగా మీ ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. ఎందుకంటే ఆఖరి కొస తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు. ఆయన ఇంజిన్ ఐదారు నిమిషాలు నడవనిచ్చి అప్పుడు మీది కొట్టండి. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన వరుస. సెల్లార్ కదా, పొగ పేరుకుంటుంది, గేటు తెరిచి ఉంచండి.

మీటర్ ఉంటే బ్యాటరీ ఎంత చూపిస్తోందో చెప్పండి. నిండుగా ఉంటే 12.6 వోల్టులు, 12 కిందికి వస్తే దాదాపు ఖాళీ.

సెల్లార్_బాధితుడు · మధ్యాహ్నం 1:30

3.8 చూపించింది మామగారూ. అయినా పది నిమిషాల తర్వాత స్టార్ట్ అయింది! మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

గుండీ_గేర్ · మధ్యాహ్నం 2:15

ఇదంతా చదివి నా కారు చూసుకున్నా. లివర్ లేదు, తిప్పే గుండీ. ఎక్కడ వెతికినా మూత లేదు. స్టార్ట్ బటన్, బటన్ హ్యాండ్ బ్రేక్. నాకీ పరిస్థితి వస్తే?

కరెంటు_మామ · మధ్యాహ్నం 2:40

మీ గుండీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య కేబుల్ లేదు, వైరే ఉంది. మీరు తిప్పేది ఒక స్విచ్. కొక్కేన్ని ఎత్తేది దించేది గేర్‌బాక్స్ దగ్గరున్న మోటారో, వాల్వో. కరెంటు లేకపోతే గుండీ ఎన్నిసార్లు తిప్పినా అటువైపు వినేవాళ్లు లేరు.

కొన్ని కార్లకి వేరే దారి ఇచ్చారు. ర్యామ్ ట్రక్కులు, కొన్ని జీప్‌లు, కొన్ని ఫోర్డ్‌లలో ‘మాన్యువల్ పార్క్ రిలీజ్’ అని ఉంటుంది, ఒక పలక కింద చిన్న పట్టీయో మీటో. లాగితే కొక్కెం తీగతో పైకి లేస్తుంది. అది లాగి ఉన్నంతసేపూ కారుకి ‘పి’ అనేదే లేనట్టు, మళ్లీ యథాస్థానంలో పెట్టేదాకా ఆపేది బ్రేక్ ఒక్కటే. టొయోటా ప్రియస్‌లో డ్రైవర్ చేతికి అలాంటిదేమీ ఇవ్వలేదు. 12 వోల్టులు ఇస్తేనే కదులుతుంది. బ్యాటరీ వెనకవైపున్న ప్రియస్‌లకు బానెట్ కింద ఫ్యూజుల పెట్టెలో ఎర్ర మూత కింద జంప్ పాయింట్ ఉంటుంది, డిక్కీ దాకా పోనక్కర్లేదు.

మీ పుస్తకంలో ఏ మీటా లేకపోతే, మీ ప్రశ్న ‘న్యూట్రల్ ఎలా’ కాదు, ‘కరెంటు ఎక్కణ్నుంచి ఇవ్వాలి’. అది ఇవాళే చూసి పెట్టుకోండి. చిన్న జంప్ ప్యాక్ కొనుక్కుంటే ఇంకా మంచిది, కాని అది చచ్చిపోయే కారు డిక్కీలో పెట్టకండి. కరెంటు లేకపోతే తెరుచుకోని డిక్కీలు చాలా ఉన్నాయి. 😄

ఇంకోటి. బ్యాటరీ మరీ అడుగంటితే కొన్ని జంప్ ప్యాక్‌లు ‘అక్కడ బ్యాటరీయే లేదు’ అనుకుని కరెంటు ఇవ్వవు. వాటికి బలవంతంగా ఇప్పించే బటన్ ఉంటుంది. అది నొక్కితే తిరగేసి తగిలించినా కాపాడే ఏర్పాటు పని చేయకపోవచ్చు, కాబట్టి ఎరుపు నలుపు రెండుసార్లు చూసుకుని నొక్కండి.

ఎలక్ట్రిక్_అక్క · మధ్యాహ్నం 3:05

నాది ఎలక్ట్రిక్ కారు. పెద్ద బ్యాటరీ 70 శాతం నిండి ఉంటే ఈ బాధ లేనట్టే కదా మామగారూ?

కరెంటు_మామ · మధ్యాహ్నం 3:22

లేనట్టు కాదమ్మా. పెద్ద బ్యాటరీని కారుతో కలిపే పెద్ద స్విచ్చులుంటాయి, వాటిని మూయాలంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీయే కావాలి. కారు నిద్రపోతున్నప్పుడు భద్రత కోసం పెద్దదాన్ని విడదీసి ఉంచుతారు. చిన్నది చస్తే పెద్దది నిండుగా ఉన్నా అందుబాటులో ఉండదు. ఇంటి నిండా ధాన్యం ఉండి గాదె తాళంచెవి పోయినట్టు.

టెస్లా మోడల్ 3లో ముందు బంపర్‌కున్న టో హుక్ మూత వెనక రెండు వైర్లు ఉంటాయి. వాటికి బయటినుంచి 12 వోల్టులు ఇస్తే ముందు డిక్కీ తెరుచుకుంటుంది. అంతవరకే. ఆ వైర్లతో బ్యాటరీ నిండదు, లోపలున్న బ్యాటరీని వేరేగా చూసుకోవాలి. మీ కారుకి అలాంటి ఏర్పాటు ఎక్కడుందో చూసిపెట్టుకోండి.

నిశాచరుడు · మధ్యాహ్నం 3:30

మా ఆవిడ కారు రిమోట్ పని చేయకపోతే రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అయింది ఒకసారి. ఇక్కడా ఆ చిట్కా పనికొస్తుందా?

పాత_మెకానిక్ · మధ్యాహ్నం 3:36

అది రిమోట్‌లోని చిన్న సెల్లు అయిపోయినప్పుడు. కారు బ్యాటరీ పోతే ఆ బటన్‌కే ప్రాణం ఉండదు, దేన్ని ఆనించినా ఒకటే.

లారీ_అన్న · సాయంత్రం 4:10

కార్లవాళ్లు అదృష్టవంతులు. మా లారీకి న్యూట్రల్ ఎప్పుడూ సమస్య కాదు, మాన్యువల్ గేర్. కానీ బ్యాటరీ పోయి ఇంజిన్ తిరక్కపోతే ఎయిర్ ఉండదు, ఎయిర్ లేకపోతే వెనక బ్రేకులు స్ప్రింగులతో వాటంతటవే పట్టేస్తాయి. న్యూట్రల్‌లో పెట్టి పదిమంది తోసినా ఇంచు కదలదు. బయటినుంచి ఎయిర్ ఎక్కించాలి, లేదా బ్రేక్ చాంబర్‌కి బోల్టు వేసి స్ప్రింగుని వెనక్కి బిగించాలి. అది తెలిసినవాళ్లే చేయాలి, ఆ స్ప్రింగు బయటికి ఎగిరితే మనిషిని చంపేస్తుంది.

కొత్త_లైసెన్స్ · సాయంత్రం 4:25

బైక్‌కి బ్యాటరీ పోతే న్యూట్రల్ లైటు వెలగదు కదా, న్యూట్రల్‌లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

లారీ_అన్న · సాయంత్రం 4:27

క్లచ్ వదిలేసి బండి ముందుకూ వెనక్కీ ఊపు. దొర్లితే న్యూట్రల్, పట్టేస్తే గేర్. ఆ లైటు లేని రోజుల్లోనూ బైకులు నడిపారు తమ్ముడూ.

ఆటోమేటిక్_అక్క · సాయంత్రం 5:02

మా కారు కూడా ఒకసారి ‘పి’లో ఇరుక్కుంది. బ్యాటరీ మాత్రం బాగానే ఉంది, స్టార్ట్ కూడా అవుతోంది. గంటసేపు ఏడిపించి మళ్లీ తనే వచ్చింది. అదేమిటి?

పాత_మెకానిక్ · సాయంత్రం 5:11

అమ్మా, ఈసారి అలా అయితే బ్రేక్ తొక్కి వెనక లైటు వెలుగుతుందో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే పెడల్ దగ్గరున్న బ్రేక్ లైటు స్విచ్ గాని, దాని ఫ్యూజ్ గాని పోతోంది. బ్రేక్ తొక్కినట్టు కబురే అందకపోతే తాళం వదలదు. లివర్ కన్నా ముందు దానికోసమే తొందరగా బాగు చేయించండి, బ్రేక్ లైటు లేకుండా రోడ్డెక్కడం వెనకవాళ్లకి ప్రమాదం.

దూర_ప్రయాణి · రాత్రి 7:45

సెల్లార్ గారు అదృష్టవశాత్తూ రెండు మీటర్లే తోశారు. న్యూట్రల్‌లో పడింది కదా అని తాడు కట్టి నాలుగు కిలోమీటర్లు లాక్కెళ్లేవాళ్లు ఉంటారని ఇది రాస్తున్నా. మామూలు ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్‌కి ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తో తిరుగుతుంది. ఇంజిన్ ఆగి, చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా రాసుకుంటాయి. నా పాత కారు గేర్‌బాక్స్ అలాగే కాలిపోయింది, తాడు కట్టింది నేనే, ఎవరినీ అనను. లాగాల్సి వస్తే పూర్తిగా ఎత్తి పెట్టే బండి, లేదా ఇంజిన్ తిప్పే చక్రాలు నేలకి తగలకుండా ఎత్తడం. నాలుగు చక్రాలకీ పవర్ ఉన్న కారైతే మొత్తం ఎత్తాల్సిందే. ఎలక్ట్రిక్ కార్లకీ అంతే, చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది.

ఇంకో ఉపాయం, సెల్లార్లలో బాగా పనికొచ్చేది. న్యూట్రల్ అసలు రాకపోతే చక్రాల కింద చిన్న చక్రాల పీటలు పెడతారు టోయింగ్ వాళ్లు. నాలుగు చక్రాల కిందా అవి దూరిస్తే కారు పక్కకి కూడా జరుగుతుంది, గేరు ఏదైనా, బ్రేక్ పట్టి ఉన్నా. బండి లోపలికి రాకపోయినా పీటలు వస్తాయి కదా.

గుండీ_గేర్ · రాత్రి 8:20

అది బాగుంది. నా బటన్ హ్యాండ్ బ్రేక్‌కి కూడా అదే దిక్కేమో.

పాత_మెకానిక్ · రాత్రి 8:34

ఔను, మీకు రెండు తాళాలు. బటన్ హ్యాండ్ బ్రేక్‌ని చాలా కార్లలో వెనక చక్రాల దగ్గరున్న చిన్న మోటార్లు బిగిస్తాయి. కరెంటు పోతే బిగిసింది బిగిసినట్టే ఉంటుంది. ‘ఎన్’లోకి తెచ్చినా కారు కదలదు. చక్రం విప్పి మోటారు తీసి చేత్తో వెనక్కి తిప్పొచ్చు, అది షెడ్డులో పని. అందుకే కరెంటు మామ గారు చెప్పినట్టు మీకు ముందు 12 వోల్టులే.

కొత్త_కొలువు · ఆదివారం, ఉదయం 9:15

నాది ఏఎంటీ. క్లచ్ పెడల్ లేదు, ‘పి’ కూడా లేదు. గేరులోనే ఆపమన్నారు షోరూంలో. ఇప్పుడు బ్యాటరీ పోతే?

పాత_మెకానిక్ · ఉదయం 9:40

మంచి ప్రశ్న. ఈ చర్చలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. వాటిని మీ కాలూ చెయ్యీ బదులు కరెంటుతో పని చేసే యంత్రం కదుపుతుంది. గేరులో ఆపారంటే క్లచ్ పట్టుకునే ఉంటుంది, ఇంజిన్ కుదింపే కారుని ఆపుతుంది. బ్యాటరీ పోయాక మీ లివర్ ‘ఎన్’కి కదులుతుంది, చక్కగా కదులుతుంది. కానీ లోపల గేరు ఊడదు. చాలామంది మోసపోయేది అక్కడే. లివర్ ‘ఎన్’ చూపిస్తోంది కదా అని తోస్తే కదలదు, బ్రేక్ పట్టేసింది అనుకుంటారు.

కరెంటు ఇచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి ‘ఎన్’కి తెండి. లోపల యంత్రం ‘గుర్ర్’ మని తిరిగిన చప్పుడు, మీటర్ బోర్డులో ‘ఎన్’ అక్షరం, రెండూ వచ్చాకే తోయండి.

సెల్లార్_బాధితుడు · ఆదివారం, సాయంత్రం 6:05

అప్‌డేట్ ఇస్తానన్నాను. చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచినా ఉదయానికి 11.9 దగ్గరే ఆగింది. బ్యాటరీ పని అయిపోయిందన్నారు, కొత్తది వేయించాను. కారణం కూడా దొరికింది. డిక్కీ మూత సరిగ్గా పడక లోపల లైటు వెలుగుతూనే ఉందట, మూడు వారాలూ.

ఇకనుంచి ముందు బ్రేక్ మీద కాలుంచి హ్యాండ్ బ్రేక్ లాగి, ఆ తర్వాతే ‘పి’. ఇవాళ మూడుసార్లు అలా ఆపాను, ‘పి’లోంచి తీసేటప్పుడు ఆ ‘టక్’ మనే కుదుపు లేదు. ఇన్నాళ్లూ అది కారు అలవాటు అనుకున్నా.

ఎగిరిపోయిన మూత సీటు పట్టాల మధ్య దొరికింది. గీత మాత్రం అలాగే ఉంది.

కొత్త_కొలువు · ఆదివారం, రాత్రి 8:50

పాత మెకానిక్ గారూ, ఊరికే పరీక్షిద్దామని ఇగ్నిషన్ ఆఫ్ చేసి, గేరులో ఉన్న కారు లివర్ ‘ఎన్’కి తెచ్చి తోయించా. మీరన్నట్టే ఇంచు కదల్లేదు. ఆన్ చేసి బ్రేక్ తొక్కగానే ‘గుర్ర్’ మంది.

పాత_మెకానిక్ · రాత్రి 9:02

తోసినవాళ్లకి ముందే చెప్పారా లేదా?

కొత్త_కొలువు · రాత్రి 9:03

లేదండీ. మా తమ్ముడు ఇప్పటికీ నడుం పట్టుకుని తిరుగుతున్నాడు.